దీపం లేని ఊళ్ళు

పాత రెవెన్యూ దస్తాల్లో ఒక మాట కనిపిస్తుంది. బేచిరాకు. కర్నూలు, కడప జిల్లాల గ్రామాల పట్టీ తిరగేస్తూ పోతే అక్కడక్కడా ఒక ఊరి పేరు ఎదురుగా ఈ మాట రాసి ఉంటుంది. ఆ ఊరికి పేరుంది, హద్దులున్నాయి, సర్వే నంబర్లున్నాయి, భూములకు లెక్క ఉంది. మనుషులు మాత్రం లేరు. పారసీలో చిరాగ్ అంటే దీపం, బే అంటే లేనిది. దీపం లేని ఊరన్నమాట!

ఈ మాట మొదట వాడిన గుమాస్తా ఎవరో గాని, ఇంటి సంగతి తెలిసినవాడై ఉండాలి. ఊరు బతికి ఉందో లేదో తేల్చడానికి కోట ఉందా, గుడి ఉందా, చావడి ఉందా అని చూడలేదతను. మునిమాపు వేళ ఒక్క గూట్లోనైనా ప్రమిద వెలిగించే చెయ్యి మిగిలిందా అని చూశాడు. లేదు. రాసేశాడు.

అలాంటి ఊళ్ళ భూములు పక్క ఊరివాళ్ళు చేసుకుంటూ ఉంటారు. పాత ఊరుండిన చోట ఒక దిబ్బ మిగులుతుంది. మడక తగిలితే కుండపెంకులు లేస్తాయి. ఆ దిబ్బమన్ను పైరుకు బలమని బండ్లకెత్తి చేలకు తోలుకునేవాళ్ళు. ఎన్ని తరాల పొయ్యి బూడిద, ఎన్ని తరాల పేడ కలిస్తే ఆ మన్నుకు అంత బలం వచ్చిందో ఆలోచించండి. ఒక్కోచోట ఆంజనేయస్వామి గుడి మాత్రం నిలిచి ఉంటుంది. పక్క ఊరివాళ్ళే వచ్చి శనివారం నాడు టెంకాయ కొట్టి పోతారు.

ఊళ్ళు పాడుపడడానికి కారణాలు చాలా ఉన్నాయి. కలరా వచ్చిన ఊరుంది, బావులెండి లేచిపోయిన ఊరుంది, ఏరు కోసుకుపోయిన ఊరుంది. మన సీమకు కరువు చుట్టపుచూపుగా వచ్చేది కాదు, ఇంట్లోనే ఉండేది. కాని కరువుకు మనవాళ్ళు ఎంతో కొంత సిద్ధపడి ఉండేవారు. సిద్ధపడలేనిది దండుకు. సైన్యమని గ్రాంథికంగా అనుకుంటే దూరంగా, గౌరవంగా వినిపిస్తుంది. దండు అన్నప్పుడే మన పల్లె గుండెకు అందుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఆ దండు సంగతే. రాజు గెలిచాడా ఓడాడా అన్నది కాదు, దండు వచ్చి పోయిన తర్వాత ఇంట్లో ఏం మిగిలింది, చేలో ఏం మొలిచింది అన్నది.

మన సీమ ఉన్న చోటు అలాంటిది. పైన హైదరాబాదు, కింద మైసూరు, పడమట మరాఠాలు, తూర్పున ఆర్కాటు, మద్రాసు. ఎవరు ఎవరి మీదికి పోవాలన్నా మన చేలల్లోంచే పోవాలి. 1565లో విజయనగరం కూలిన దగ్గర్నుంచీ పెన్నా ఒడ్డు, కుందూ ఒడ్డు ఈ రాకపోకలకు బాట అయిపోయాయి.

గండికోట చూసే ఉంటారు. ఇప్పుడు సెలవుల్లో పిల్లలను తీసుకుపోయి పెన్నా లోయ అంచున ఫొటోలు దిగుతున్నాం. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దాన్ని పెమ్మసాని వారి దగ్గర్నుంచి పట్టుకున్నాడు. రెండేళ్ళకు తవెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అక్కడికి వచ్చి, తన యాత్రాగ్రంథంలో ఒక ముచ్చట రాసుకున్నాడు. మీర్ జుమ్లాకు ఫిరంగులు పోయించాలని కోరిక పుట్టింది. రాగి కావాలి కదా! గుళ్ళలోని రాగి విగ్రహాలను తెప్పించి, తన కొలువులో ఉన్న క్లాడ్ మాయే అనే ఫ్రెంచి పనివాడికి అప్పజెప్పాడు. గండికోట గుడి నుంచి తెచ్చిన ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా వాళ్ళ మీద విరుచుకుపడ్డాడని కూడా రాశాడు. మంత్రమో, కొలిమిలో వేడి చాలకో, నేను తగువు పెట్టుకోను. నాకు తోచేదల్లా కరిగిపోయిన మిగతా విగ్రహాల గురించే. వాటి ముందు మొక్కుకున్న ఊళ్ళ మీదికే అవి ఫిరంగులై తిరిగి వెళ్ళి ఉంటాయి గదా.

ఆ తర్వాతి నూరేళ్ళూ వదిలేసి నేరుగా 18వ శతాబ్దం చివరికి వద్దాం. మనకు కావలసింది అక్కడుంది. 1779లో హైదరాలీ కడప నవాబు మీదికి వచ్చి సిద్ధవటం పట్టుకుని, నవాబును శ్రీరంగపట్నానికి పట్టుకుపోయాడు. 1790లో టిప్పు మీద కంపెనీవారు, నిజాము, మరాఠాలు కలిసి యుద్ధానికి దిగారు. నిజాము దండు గుర్రంకొండను ముట్టడించింది 1791లో. ఆ రెండేళ్ళూ వానలు కూడా లేవు. దక్కనులో దానికి పుర్రెల కరువని పేరు పడింది. పాతిపెట్టేవాళ్ళు లేక పుర్రెలు దారుల్లో పడి ఉండడం వల్ల వచ్చిన పేరది. గింజ లేని ఏడాదిలో మూడు దండ్లకు గింజ కావాలి, ఏనుగులకూ గుర్రాలకూ మేత కావాలి. ఎవరి గాదెలోంచి వస్తుంది?

1792లో శ్రీరంగపట్నం సంధి జరిగింది. కడప సీమ టిప్పు చేతిలోంచి నిజాము చేతికి పోయింది. 1799లో టిప్పు చనిపోయాడు. ఆ మరుసటేడు, 1800 అక్టోబరు 12న, నిజాము ఈ సీమంతా కంపెనీకి రాసిచ్చేశాడు. తనకు కాపలా ఉండే కంపెనీ పటాలాల ఖర్చు కింద. అప్పటినుంచీ మనకు దత్తమండలాలనే పేరు వచ్చింది. దత్తత ఇచ్చేటప్పుడు పిల్లను అడిగే ఆచారం మనకు లేదు గదా, ఇక్కడా ఎవరూ అడగలేదు. ఆ పేరు వినబుద్ధి కాకనే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అన్న పేరు సూచిస్తే అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు.

కంపెనీ వారు ఈ సీమకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పంపించిన మనిషి థామస్ మన్రో. అతను వచ్చీరాగానే చూసినదాన్ని పైవాళ్ళకు రాశాడు. ఆ ఉత్తరాల సారాంశం ఇది. కడపలో నిజాము ఏలుబడి సాగిన పదేళ్ళూ పదేళ్ళ యుద్ధంతో సమానమే. అన్నిటికన్నా ఘోరం ఆ చివరి ఏడాదిలో జరిగింది. జీతాలు అందక తిరగబడ్డ సైన్యాన్ని, మీ జీతాలు మీరే వసూలు చేసుకోండని ఊళ్ళ మీదికి తోలారు. తోలిందెప్పుడు? సరిగ్గా విత్తనాల అదనులో. ఆ సిపాయిలు పశువులను తోలుకుపోయి అమ్ముకున్నారు. చేతికి చిక్కినవాళ్ళను హింసపెట్టి డబ్బు కక్కించారు. పారిపోయినవాళ్ళ ఇళ్ళూ అంగళ్ళూ దోచుకున్నారు.

ఇది యుద్ధం కూడా కాదు చూడండి. శత్రువెవరూ లేడు. మన రాజుదే దండు, మన మీదికే వచ్చింది. చరిత్ర పాఠాల్లో 1800 అంటే ఒక సంధి, ఒక తారీఖు. ఆ తారీఖుకు ముందు, మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఏం జరిగిందో పాఠంలో ఉండదు.

అదను అంటే ఏమిటో పట్నంలో పెరిగిన మన పిల్లలకు చెప్పాలి. ఎర్రనేలల్లో తొలకరి పడగానే కొర్ర, సజ్జ వెయ్యాలి. నల్లరేగడిలో జొన్నకు ఉత్తర, హస్త కార్తెల దాకా వ్యవధి ఉంటుంది. పదును ఆరిపోయేలోగా గొర్రు కట్టి విత్తనం లోపలికి దించాలి. ఆ నాలుగు రోజులు దాటితే మళ్ళీ వాన పడేదాకా చేసేదేమీ లేదు. మళ్ళీ వాన పడుతుందన్న నమ్మకం మన సీమలో ఎవరికుంది? ఆ నాలుగు రోజుల్లో ఇంట్లో ఎద్దులు లేకపోతే విత్తనాలుండీ లాభం లేదు. మనుషులు నాగలి లాగి ఎన్ని గజాలు దున్నగలరు?

ఇంకో సంగతి. ఎర్రనేల ఒక ఏడు బీడు పడితే కంప మొలుస్తుంది, కొట్టి మళ్ళీ వేసుకోవచ్చు. రేగడి అలా కాదు. రెండు మూడేళ్ళు దున్నకుండా వదిలితే లోతు వేళ్ళ గడ్డి పాకిపోతుంది. ఆ వేళ్ళు మామూలు మడకకు తెగవు. దానికి పెద్దమడక అని వేరే ఉండేది. ఒక జత ఎద్దులు దాన్ని కదిలించలేవు. ఐదారు జతలైనా కట్టాలి. అంటే ఊళ్ళో నలుగురైదుగురు రైతులు కూడబలుక్కుని ఎద్దులు కలిపితేగాని ఆ భూమి మళ్ళీ సాగులోకి రాదు. దండు ఎద్దులను తోలుకుపోయింది, ఊరివాళ్ళు చెల్లాచెదురయ్యారు. ఇక ఎవరు ఎవరితో కలుస్తారు? ఒక్క వానాకాలం జరిగిన దోపిడీ పదేళ్ళ బీడు ఎలా అవుతుందో ఇక్కడ తెలుస్తుంది. సిపాయి ఎద్దును ఎంతకు అమ్ముకున్నాడో గాని, పోయినది ఆ ధర మాత్రం కాదు.

మన్రోయే తర్వాత 1813లో లండన్‌లో పార్లమెంటు ముందు సాక్ష్యం చెప్తూ ఇక్కడి మనిషి బతకడానికి ఏడాదికయ్యే ఖర్చు 18 నుంచి 27 షిల్లింగులన్నాడు. షిల్లింగు అర్ధరూపాయి అనుకుంటే 9 రూపాయల నుంచి 13 రూపాయల అర్ధ. ఏడాదికి! అందులో తిండి, బట్ట, ఉప్పు, చమురు అన్నీ. అలా బతికే సంసారంలో ఒక జత ఎద్దులు కొనడానికి ఎన్నేళ్ళ మిగులు కావాలో లెక్క వెయ్యడం మన ఆడవాళ్ళకు కష్టం కాదు. మనం రోజూ వేసే లెక్కే.

దండు వస్తుందంటే మరి ఇళ్ళల్లో ఏం చేసేవారు? పాతర. సీమలో జొన్నలు దాచుకునే పద్ధతి అది. నేలలో గుంత తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి వేసి మట్టి కప్పేస్తారు. గింజ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పురుగు పట్టదు, కాస్త ముక్కవాసన వస్తుందంతే. కరువు కోసం పుట్టిన ఏర్పాటే గాని దండుకూ పనికొచ్చింది. పైన మట్టి కప్పి పేడతో అలికేస్తే, ఆ ఇంటిదానికి తప్ప మరెవరికీ ఎక్కడుందో తెలీదు. పాతర తీసేటప్పుడు వెంటనే లోపలికి దిగకూడదు, ఆవిరి కొట్టి మనిషి చచ్చిపోతాడు. ఒక పూట మూత తీసి ఉంచి, దీపం దించి చూసి, ఆరిపోకపోతే అప్పుడు దిగాలి. కాని హింసపెట్టి డబ్బు కక్కించినవాళ్ళు పాతర జాడ అడగకుండా ఉంటారా? పారిపోయేటప్పుడు నగా నట్రా కొంగున కట్టుకోవచ్చు. పాతరను, తిరగలిని, రోలును, వాము గడ్డిని కొంగున కట్టుకోలేరు గదా.

మన పల్లెల్లో బురుజులు కనిపిస్తాయే, ఊరి మధ్యనో ఊరి కొసనో గుండ్రంగా, సగం కూలి, పైన రావిమొక్క మొలిచి... అవి రాజుల వైభవం కోసం కట్టినవి కావు. గుర్రాల దుమ్ము దూరాన్నుంచి కనపడడానికి, కనపడగానే అందర్నీ లోపలికి లాక్కోవడానికి కట్టినవి. ఊరికి కాపలా అన్న పేరుతో పాళెగాళ్ళు లేచారు. మన్రో వచ్చేసరికి ఈ సీమలో 80 మంది పాళెగాళ్ళు, వాళ్ళ కింద 30 వేల మంది ఆయుధాలు పట్టిన బంట్రోతులు ఉన్నారట. కాపలా కాసేవాడికి కావలికట్నం, మీద పడేవాడికి కప్పం, నవాబుకు శిస్తు. ముగ్గురికీ ఇచ్చేది ఒకడే. పాళెగాళ్ళలో చెరువు కట్టించినవాళ్ళు, గుడి నిలబెట్టినవాళ్ళు ఉన్నారు, కాదనను. మనవాళ్ళు వాళ్ళ మీద పదాలు పాడుకున్నారు కూడా. కాని పదాలు పాడేది పాళెగాడి మీద. అతని పక్క ఊరి పాళెగాడు వచ్చి కళ్ళం తగలబెట్టిన రైతు మీద పదం ఎవరు కట్టారు?

కంపెనీ వచ్చిందని వెంటనే శాంతి రాలేదు. కర్నూలు జిల్లా దేవనకొండ దగ్గర తెర్నేకల్లు అని ఊరుంది. 1801లో శిస్తు కట్టలేమని ఆ ఊరివాళ్ళు ఎదురు తిరిగారు. వసూలుకు వచ్చిన ఉద్యోగులు హతమయ్యారు. ఊరివాళ్ళు కోట తలుపులు మూసుకున్నారు. మొదట వచ్చిన కంపెనీ దండు తలుపు దాటలేక వెనక్కి తగ్గింది. మళ్ళీ ఫిరంగులతో వచ్చి పగలగొట్టింది. లోపలున్నవాళ్ళలో బతికి బయటపడినవాళ్ళు బహు తక్కువ. ఒక పల్లె పెట్టుకున్న మట్టికోట మీదికి అంత బలగమా అనిపిస్తుంది. ఆ ఊరికి ఆ ఏడు మాఫీ ఇచ్చి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో!

మన్రోను గురించి నాకు రెండు మనసులు. శిస్తు వసూలుకు వచ్చిన దొర, అందులో సందేహం లేదు. అయినా ఏడేళ్ళు డేరాల్లో ఉంటూ ఊరూరూ తిరిగాడు. పాళెగాళ్ళను కొందరిని అణిచాడు, కొందరికి పింఛన్లిచ్చి కూర్చోబెట్టాడు. పారిపోయిన రైతులను పిలిపించి, ఎద్దులకూ విత్తనాలకూ తక్కావీ అప్పులిప్పించాడు. 33 అడుగుల గొలుసు పట్టించి పొలం పొలం కొలిపించాడు. ఎవరి పేర ఎంత భూమి, ఎంత శిస్తు అన్నది కాగితం మీద రాసి రైతు చేతికే పట్టా ఇప్పించాడు. ఇదేం గొప్ప అనుకుంటాం. ఏడాదికి నలుగురు వచ్చి నాలుగు సార్లు పీక్కుపోయిన చోట, ఒక్కడే వచ్చి, ఒక్కసారే, ముందే చెప్పినంత తీసుకుని రసీదు ఇస్తే అదే రామరాజ్యమనిపించింది జనానికి. సీమలో పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారంటే నవ్వు వస్తుంది, తర్వాత ఎక్కడో కలుక్కుమంటుంది. అంతకు ముందు ఎంత పడి ఉంటే పన్నుల దొర పేరు బిడ్డకు పెట్టుకుంటారు!

పని సాఫీగా సాగిందీ లేదు. 1803లో వానలు లేవు. 1804లో మితిమీరి కురిసి వందల చెరువులు తెగిపోయాయి. తను వేయించిన శిస్తు ఎక్కువైందని మన్రోకే తెలుసు. 1807లో స్వదేశం పోయేముందు, శిస్తులో నాలుగోవంతు తగ్గించండి, బావుల కింద, చెరువుల కింద భూములకు ఇంకాస్త తగ్గించండి అని రాశాడు. పైవాళ్ళు వినలేదు. ఊరుమ్మడిగా గుత్తలకు ఇచ్చారు. గుత్త పాడినవాళ్ళు చాలామంది ఆరిపోయారు. ఆ నాలుగోవంతు తగ్గింపు అమలుకు వచ్చింది 1820లో, మన్రోయే మద్రాసు గవర్నరై తిరిగి వచ్చాక. 13 ఏళ్ళు! రాసిన కాగితం అతని కోసమే కాచుకుని కూర్చున్నట్టుంది. 1827లో ఈ సీమను మళ్ళీ చూడడానికి వచ్చి, జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. అక్కడ అతని పేర బావి, మండపం కట్టించారు.

మధ్యలో పిండారీలు వచ్చారు. 1816 మార్చిలో నర్మద అవతలినుంచి గుర్రాల మీద వచ్చి గుంటూరు మీద పడి, కంభం వైపు కడప జిల్లా కొసను తాకుతూ కృష్ణ దాటి పోయారు. కంపెనీ సీమలో వాళ్ళున్నది పదకొండు పన్నెండు రోజులే. తర్వాత కంపెనీవారు లెక్క తీయిస్తే, దోచిన ఊళ్ళు 339, చచ్చిపోయినవాళ్ళు 182, గాయపడ్డవాళ్ళు 505, హింసలు పడినవాళ్ళు 3,603. ఈ చివరి రెండు లెక్కల మధ్య తేడా చూడండి. వాళ్ళకు కావలసింది ప్రాణం కాదు, దాచిన చోటు. వేడిబూడిద నింపిన సంచి ముఖానికి కట్టి వీపు మీద గుద్దేవాళ్ళట. మానం పోతుందని పిల్లలతో సహా బావుల్లో దూకిన ఆడవాళ్ళున్నారు, ఇల్లు తగలబెట్టుకుని అందులోనే కూర్చున్నవాళ్ళున్నారు. వాళ్ళు 182లో లెక్కకు వచ్చారో లేదో.

ఇదంతా పాత కథేలే అనుకోవడానికి వీల్లేదు. నిన్న మొన్నటి ముఠా కక్షలు తీసుకోండి. నాటుబాంబుల సంగతి పత్రికలు బాగానే రాశాయి, సినిమాలు ఇంకా బాగా తీశాయి. పత్రికలో ఒక మూల చిన్న అక్షరాల్లో వచ్చే వార్త ఇంకొకటుంది. రాత్రికి రాత్రి చీనీ చెట్లు నరికేశారని, వాము తగలబెట్టారని, మోటారు బావిలో తోశారని. చీనీ మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్ళు నీళ్ళు పోసి పెంచాలి. మనిషిని చంపితే కేసవుతుంది, చెట్టును నరికితే ఆ ఇల్లు మెల్లిగా చస్తుంది. 1800లో ఎద్దులను తోలుకుపోయినవాడి తెలివే ఇది. మగవాళ్ళు ఊరు విడిచి పరారీలో ఉంటే ఆడవాళ్ళు పొలం, కోర్టు, జైలు మూడూ చూసుకుంటూ వచ్చిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ ఇళ్ళల్లో కూడా విత్తనం వేళకు పడలేదు.

దండు దోచినవాళ్ళ సంగతి ఇది. దండు మీద ఆధారపడి బతికినవాళ్ళ సంగతి వేరే ఉంది, అది ఎవరికీ అంతగా పట్టలేదు.

లంబాడీలను తీసుకోండి. సుగాలీలంటాం మన వైపు. ఇప్పుడు తండాల్లో ఉండి కూలీనాలీ చేసుకుంటున్నవాళ్ళ పూర్వులు వేల ఎద్దుల మీద గింజ, ఉప్పు వేసుకుని దేశం ఈ కొసనుంచి ఆ కొసకు నడిపిన వర్తకులు. ఏ దండు కదిలినా వెనక లంబాడీ ఎద్దులుండాలి. 1791, 92లో కారన్‌వాలిస్ దొర టిప్పు మీదికి పోగలిగాడంటే వాళ్ళు గింజ అందించబట్టే. అందుకే ఇరుపక్షాలవాళ్ళూ వాళ్ళ జోలికి అంతగా పోయేవారు కారు. యుద్ధాలు ఆగిపోయాయి. 1871కి మద్రాసునుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు పడింది. ఎద్దు మీద వేసుకుపోయే బరువు పెట్టెల్లోకి ఎక్కింది. ఆ ఏడే క్రిమినల్ ట్రైబ్స్ చట్టమని ఒకటి చేశారు, 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. సైన్యాలకు అన్నం పెట్టినవాళ్ళలో ఎందరికో దొంగజాతి అన్న ముద్ర పడింది. ఆ చట్టం పోయింది 1952లో.

కర్నూలు నవాబు కథ చిన్నదే. కంపెనీ సీమ నడుమ ఆ నవాబు రాజ్యం మాత్రం 1839 దాకా కప్పం కట్టుకుంటూ నిలిచింది. గులాం రసూల్ ఖాన్ లోలోపల ఆయుధాలు పోగుచేస్తున్నాడని కంపెనీకి అనుమానం వచ్చి కోట వెదికించింది. ఫిరంగులు, మందుగుండు జనానా తోటల్లో బయటపడ్డాయి. పరాయి మగవాడు తొంగిచూడని చోటు గదా, అదే మంచి దాపు అనుకున్నాడు కాబోలు. ఆ అంతఃపురంలో ఉన్నవాళ్ళను అడిగే పెట్టించాడా? అక్టోబరులో జోహరాపురం దగ్గర యుద్ధమైంది, నవాబును తిరుచిరాపల్లికి పంపారు, మరుసటేడు అక్కడే ఎవరో పొడిచి చంపారు. రాజ్యం కంపెనీలో కలిసిపోయింది. కొలువును నమ్ముకున్న పఠాన్ సిపాయిలకు, కొలిమి పనివాళ్ళకు ఒక్క రోజులో పని పోయింది.

ఇక కట్టుబడివాళ్ళు. పాళెగాళ్ళ కాలంలో ఊరికి కావలి, పిలిస్తే కత్తి పట్టి రావడం వీళ్ళ పని. దానికి కొంత మాన్యం. పాళెగాళ్ళు పోయాక కత్తితో పనిలేదు. ఉన్నవాడు పోయినప్పుడల్లా వారసుడికి ఇవ్వకుండా ఆ మాన్యాలను సర్కారు తనలో కలుపుకోవడం మొదలుపెట్టింది. అంటే తండ్రి చచ్చిన ఇంట్లో భూమి కూడా అదే రోజున పోయేది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారి పేరు అందరికీ తెలుసు, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల పింఛను సంగతీ తెలుసు. 1846లో ఆయన వెనక వందలకొద్దీ మనుషులు ఎందుకు నడిచారని అడిగేవాళ్ళు తక్కువ. అందులో చాలామంది ఈ మాన్యం పోయిన కట్టుబడివాళ్ళే. కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు, గిద్దలూరు దగ్గర పోరాడారు. అక్టోబరుకు అంతా అయిపోయింది.

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్ల దగ్గర నరసింహారెడ్డిని ఉరితీశారు. తల కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా అలాగే ఉంచారు, ముప్ఫై ఏళ్ళు. ఆ చివరి ఏడాది సీమంతా ధాతు కరువు. అప్పటికి నరసింహారెడ్డి వెంట నడిచిన కట్టుబడివాళ్ళ మనవలు ఎదిగి ఉంటారు. మాన్యం లేదు, కావలి లేదు, కరువు పనుల దగ్గర రాళ్ళు కొడుతూ ఉంటారు. వాళ్ళ అవ్వలు, అమ్మలు కోవెలకుంట్లకు పోవాలంటే ఆ కోట ముందునుంచే పోవాలి. చంకలో బిడ్డ ఆ గుమ్మం వైపు వేలు చూపించి అదేమిటని అడిగినప్పుడు ఏం చెప్పేవాళ్ళో.